తుల్యం చేయడమంటే...

గణాలు లెక్కించడంలోనే ఆయువు గడిపిన తెలుగు పండితుణ్ణి. అయినా, మనవరాలి పుస్తకంలోని రసాయన సమీకరణం నాకు పరాయిదిగా తోచలేదు.

హైడ్రోజన్ అణువులో పరమాణువులు రెండు. ఆక్సిజన్ అణువులోనూ రెండే. అవి కలిస్తే నీరు. కానీ నీటి అణువులో ఆక్సిజన్ ఒక్కటే. ఆ లోటు పూడ్చడానికి అమ్మాయి నీటి సంకేతంలో ఆక్సిజన్ పాదాన 2 చేర్చింది. లెక్క కుదిరింది, నీరు పోయి, హైడ్రోజన్ పెరాక్సైడు వచ్చింది!

గణం కోసం అర్థాన్ని బలిపెట్టిన పద్యం వంటిదే ఇదీ. పాదాంకం పదార్థానిది, ముందుండే గుణకమే మన చేతిలోది. హైడ్రోజన్‌కు ముందు 2, నీటికి ముందు 2 ఉంచగానే ఇరువైపులా హైడ్రోజన్ పరమాణువులు నాలుగు, ఆక్సిజన్‌వి రెండు.

ఉన్నదాని స్వభావం చెడకుండా లెక్క తేల్చాలి. బడి దాటాక కూడా ఈ ఒక్కటీ ఆమెకు గుర్తుండాలని నా కోరిక.