గొలుసు రంపమునకు శ్రుతి



యంత్రముల సంగతి పురుషులదనియు, వంటయింటి సంగతి మనదనియు ననుకొను కాలము గడచినది. కుట్టుమిషను, నీటి మోటారు మన చేతులలోనే నడచుచున్నవి. మా శ్రీకాకుళపు సీమలో తోటలుగల యిండ్ల వసారాలలో ఇప్పుడు మరియొక యంత్రము చేరినది. అది గొలుసు రంపము. చెట్లు కోయువారు దానిని చైన్‌సా యందురు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటినది. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానమున కొబ్బరితోటలును, జీడితోటలును నేలకొరిగినవి. బిడ్డలవలె పెంచుకొన్న చెట్లు దారులకు అడ్డముగా పడియుండగా, గొడ్డలితో తొలగించుట యెన్నినాళ్ళ పని! అట్టి వేళల ఈ రంపము చేయు మేలు ఇంతంత కాదు. అయినను మేలుచేయు నిప్పే యిల్లు కాల్చునట్లు, అదుపు తప్పిన రంపము మనిషినే కోయును.

దీని విషయమున ప్రతి యిల్లాలును ఎరుగవలసిన సూత్ర మొక్కటే. మీట వదలినప్పుడు ఇంజను ఆగిపోరాదు, గొలుసు కదలనురాదు.

ఇది యెట్లు సాధ్యమందురా? ఇంజనుకును గొలుసునకును నడుమ క్లచ్చి యున్నది. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు స్ప్రింగులు క్లచ్చి దిమ్మలను లోపలికి లాగి పట్టియుంచును. వేగము హెచ్చినకొలది అవి వెలుపలికి విచ్చుకొని, చుట్టునున్న గిన్నెను పట్టుకొనును. అప్పుడు గొలుసు తిరుగును. పలు రంపములకు విశ్రాంతి వేగము నిమిషమునకు సుమారు 2,800 చుట్లు. అంతకు మిక్కిలి హెచ్చుగా నుంచినచో క్లచ్చి సగము పట్టుకొని, గొలుసు ప్రాకుచునే యుండును. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు నడచునపుడు కాలు జారెనా, తొడ తెగును.

మా తోటలో కొమ్మలు కోయుటకు వచ్చిన యొక పనివాని రంపము అట్లే యుండెను. మీట వదలినను గొలుసు ఆగలేదు. ఏమి నాయనా యని యడిగితిని. “ఊరికే ఆగిపోతంది అమ్మగోరూ, అందుకే ఈ మర బిగించేసినాను” అనెను. విప్పి చూడగా గాలి వడపోయు ఫిల్టరు నిండ రంపపుపొట్టు పేరుకొని యుండెను. ఊపిరి యాడని రోగికి పరుగు నేర్పినట్లున్నది ఆ చికిత్స! ఫిల్టరు శుభ్రముచేసి, ఆ మరను మరల వదులు చేసిన తరువాత ఇంజను ఆగలేదు, గొలుసు కదలలేదు.

కావున క్రమము ముఖ్యము. ముందు ఇంజను ఆపి, ఫిల్టరును, ప్లగ్గును చూడవలెను. పెట్రోలు నిలువది కారాదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును. నెలకు మించి వాడనిచో ట్యాంకు ఖాళీచేయుట మేలు. ఇందు కలుపు టూటీ ఆయిలు కంపెనీవారి పుస్తకము చెప్పినంతే పోయవలెను. 50కి 1 పాలని యున్నచో లీటరునకు 20 మిల్లీలీటర్లు.

కార్బురేటరుమీద సామాన్యముగా మూడు మరలుండును. ఎల్ అను గుర్తుగలది తక్కువ వేగమునకు, హెచ్ అనునది హెచ్చు వేగమునకు పెట్రోలు నిచ్చును. ఎల్‌ఏ లేక టి అను గుర్తుగల మూడవది విశ్రాంతి వేగమును నిలుపును. రంపమును గట్టినేలమీద నిలిపి, గొలుసు దేనికిని తగులకుండ చూచి, పిల్లలను దూరముగా నుంచి, ఇంజను వేడెక్కనీయవలెను. బ్రేకు వేసియుండగా గొలుసు ఎట్లును కదలదు గనుక దానిని తీసియే పరీక్షింపవలెను.

మొదట ఎల్ మరను కుడివైపు మెల్లగా త్రిప్పగా వేగము హెచ్చి, పిదప తడబడును. అది పెట్రోలు చాలని గుర్తు. ఎడమకు త్రిప్పగా మొద్దుబారి తడబడును. అది హెచ్చైన గుర్తు. రెంటికి నడుమ, ఒకింత ఎడమగా నిలుపవలెను. మీట నొక్కగానే ఇంజను వెంటనే పలుకవలెను. వెనుకాడినచో ఇంకొక్క రవ్వ ఎడమకు త్రిప్పవలెను. అటుపిమ్మట మూడవ మరను గొలుసు కదలబోవు వరకు బిగించి, అది నిలిచిపోవునట్లు వెనుకకు త్రిప్పి, ఇంకను పావుచుట్టు వదులుచేయవలెను.

బొబ్బిలి వీణకు బిరడ త్రిప్పువారు వ్రేలికన్న చెవినే యెక్కువ నమ్ముదురు. ఇదియు నట్టిదే. వేగము తనంతట తాను హెచ్చుచు తగ్గుచు నున్నచో ఎక్కడనో గాలి చొరబడుచున్నదని యనుమానింపవలెను. మరలు త్రిప్పిన లాభములేదు, మెకానిక్కునకు చూపవలెను. హెచ్ మర జోలికి మనము పోనేరాదు. దానిని బిగించినచో రంపము ఉత్సాహముగా కూయును గాని, పెట్రోలుతోపాటు ఆయిలును తగ్గి పిస్టను మాడిపోవును.

అమ్మలారా! చెట్టు కోయుటకు వచ్చినవానిని, పని మొదలిడకమునుపు, మీట వదలి గొలుసు చూపుమని యడుగుడు. అది కదలుచున్నచో సరిచేయు వరకు పని యాపుడు. ఆ పది నిమిషములకు కూలి తగ్గింపకుడు. సాయంకాలము వాని రాకకై గుమ్మమున నిలుచునది కూడ మనవంటి యాడుదియే గదా.