ఫొటోలు షిఫ్ట్ చేసే ముందు పేర్లు చూసుకోండి

పోస్ట్ జర పొడుగ్గా ఉంటది. ఫోన్లో, లాప్‌టాప్‌లో వేల ఫొటోలు పెట్టుకున్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

నా దగ్గర 41 వేల ఫొటోలు ఉన్నయి. 2006లో దుబాయ్‌లో కొన్న చిన్న కెమెరా కాడినుంచి ఇప్పుడు అరిజోనా సైట్ల మీద తీసే ఫోన్ ఫొటోల దాకా. సోనాపూర్ క్యాంప్ రూములు, శుక్రవారం వంటలు, ఊర్లో బాపు, అవ్వ, పిల్లల బర్త్‌డేలు, స్లాబ్ పోసే ముందు కట్టిన రాడ్లు, అన్నీ. మొత్తం పికాసాలో పెట్టుకున్న. మనలో చాలామందికి పికాసా గుర్తుండే ఉంటది. 2004లో గూగుల్ దాన్ని కొని అందరికీ ఫ్రీగా ఇచ్చింది, 2016 మార్చిలో ఆపేసింది. పాత లాప్‌టాప్‌లో ఉన్న కాపీ ఇప్పటికీ నడుస్తది. కానీ ఆ లాప్‌టాప్ ఇంకెన్నాళ్లు నడుస్తదో చెప్పలేం. అందుకని ఈ ఎండాకాలం అన్నీ డిజీకామ్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చిన. ఇక్కడ ఎండ 43 డిగ్రీలు దాటుతది కాబట్టి తెల్లారకముందే పని మొదలుపెట్టి పగలే ఇంటికొస్తం. ఆ టైమంతా దీనికే పెట్టిన. డిజీకామ్ ఫ్రీ. లైట్‌రూమ్ కూడా మంచిదే కానీ నెలనెలా పైసలు కట్టాలె. నాకు రంగులకన్నా పేర్లు ముఖ్యం.

పేర్లు అని ఎందుకంటున్ననో చెప్తా. క్యాంప్‌లో రూం మారేటప్పుడు మంచం, పెట్టె, కుక్కర్ తీసుకపోతం. గోడ మీద పెన్నుతో రాసుకున్న ఫోన్ నంబర్లు అక్కడ్నే ఉండిపోతయ్. ఫొటోల సాఫ్ట్‌వేర్ కూడా అట్లనే. ఫొటో ఫైల్ ఎటైనా పోతది. కానీ మనం కూర్చొని ముఖాలకు పెట్టిన పేర్లు, కట్ చేసినయి, రంగు సరిచేసినయి, ఆల్బంలు, ఇవి చాలావరకు ఫొటోలో ఉండవు. ఆ సాఫ్ట్‌వేర్ తన రిజిస్టర్‌లో, పక్కన దాచిన చిన్న చిన్న ఫైళ్లలో రాసుకుంటది. వట్టి ఫొటోలు కాపీ చేస్తే ముఖాలొస్తయ్, పేర్లు రావు.

మా రూంలో ఒక తమ్ముడు ఉండె. 2011లో నిద్రలోనే పోయిండు. అప్పటికి వాని బిడ్డకు రెండేండ్లు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. మొన్న ఫోన్ చేసి, "పెదబాపూ, మా డాడీ నవ్విన ఫొటో ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగింది. వాళ్లింట్లో ఉన్నది పాస్‌పోర్ట్ ఫొటో ఒక్కటే. పేరు కొట్టి వెతికితే 17 దొరికినయ్. ఒకదాంట్లో వీపు మాత్రమే కనపడ్తది, గంటె పట్టుకొని బగారా కలుపుతుండు. ముఖం చూసి గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు అది దొరకడం కష్టం. ఆనాడు పేరు రాసిపెట్టిన కాబట్టి దొరికింది. ఆ పిల్ల ఫోన్‌లో పెట్టుకున్నది ఆ ఫొటోనే.

ఇక పని ఎట్ల చేసిననో వరుసగా చెప్తా.

ముందు కాపీలు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 లెక్క ఉన్నది. మూడు కాపీలు, రెండు రకాల సామాన్ల మీద, ఒకటి వేరే చోట. నా మూడోది ఊర్లో తమ్ముని ఇంట్లో ఉన్నది. హార్డ్ డిస్క్‌ను మాత్రం ఈ ఎండలో ట్రక్కులో వదలకండి.

తర్వాత పికాసా ఆప్షన్లలో నేమ్ ట్యాగ్స్ దగ్గర, పేర్లను ఫొటోలోనే దాచమనే టిక్ ఉంటది. అది పెట్టి, పని అయ్యేదాకా ఆగిన. కట్ చేసిన, రంగు మార్చిన ఫొటోలను సేవ్ కొట్టిన. సేవ్ కొడితే అసలు ఫొటో పక్కన దాచిన ఇంకో ఫోల్డర్‌లోకి పోతది, అది డిలీట్ చేయొద్దు. ఆల్బం అంటే వట్టి లిస్ట్, ఫొటోతో రాదు. అందుకే ఒక్కో ఆల్బంలో ఉన్నవన్నీ సెలెక్ట్ చేసి, ఆల్బం పేరునే ట్యాగ్‌గా ఇచ్చిన. ట్యాగ్, కింద రాసిన క్యాప్షన్ ఫొటో లోపలే ఉంటయ్.

అన్నీ ఒక్కసారే పోయలేదు. మన దగ్గర కాంక్రీట్‌కు క్యూబ్, ఇక్కడ సిలిండర్ పోసి, 28 రోజులకు పగలగొట్టి చూస్తం కదా, అట్లనే ముందు 50 ఫొటోలు మార్చి చూసిన. పేరు, తేదీ, క్యాప్షన్ మూడూ వచ్చినయని చూసినంకనే మిగతావి. డిజీకామ్ సెట్టింగ్స్‌లో కూడా అన్నీ ఫొటోలోనే రాయమని పెట్టిన. రేపు ఇది కూడా ఆగిపోతే ఇంత కష్టం ఉండదు.

గూగుల్ ఫొటోస్ వాడేటోళ్లకు ఒక మాట. 2021 జూన్ 1 నుంచి పెట్టినవన్నీ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తయ్, జీమెయిల్ కూడా అందులోనే. టేక్‌అవుట్‌తో దించుకుంటే ఫొటోల పక్కన జేసన్ అనే చిన్న ఫైళ్లు వస్తయ్. చెత్త అనుకొని తీసేయకండి. మీరు రాసుకున్న వివరం, తేదీ అందులో ఉంటయ్. ఇక వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నగైతది, తీసిన తేదీ, చోటు ఎగిరిపోతయ్. ఇంటికి మంచి ఫొటో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.

మూడు వారాలు పట్టింది. నా భార్య అడిగింది, గింత కష్టం ఎందుకని. క్యాంప్ ఫొటో ఒకటి చూపించి, ఇందులో నేను గాక ఇంకెవర్ని గుర్తుపడ్తవు అన్న. పన్నెండు మందిలో ఒక్కరిని కూడా చెప్పలేదు. పిల్లలకు అసలే తెల్వదు. ఆ పన్నెండు మంది పేర్లు, ఊర్లు చెప్పేటోళ్లం ఆ రూంలో పడుకున్న మనమే.

ఈ శుక్రవారమో, ఆదివారమో, మీకు సెలవు ఏరోజైతే ఆరోజు, ఒక పది పాత ఫొటోలకు పేర్లు రాయండి. ఎక్కడన్న ఆగితే కామెంట్‌లో అడగండి, డ్యూటీ అయినంక చూసి జవాబిస్తా.