కనుమనాడు కాకి సరే, కడుపు సంగతేంటి?

భోగిమంటల బూడిద ఎత్తేశాం. గొబ్బెమ్మలు గోడ మీద పిడకలై ఎండుతున్నాయి. అరిసెల డబ్బాకి అడుగు కనిపిస్తోంది. పండక్కొచ్చినవాళ్లు తిరుగుదారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి హారన్లు మోగిస్తున్నారు. ఈసారి కబుర్లలో కోడిపందేలో, కొత్త సినిమాలో ఉంటాయనుకున్నారేమో. అవి అందరూ రాస్తారు. పండగ వెళ్లిన వారంలో మందుల షాపు కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుంది: "మోషన్ ఫ్రీగా అవ్వట్లేదండీ, ఏదైనా ఇస్తారా?" దాని గురించి రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. నేను రాస్తున్నా. అన్నం తింటూ చదివేవాళ్లు పత్రిక పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్నాక రండి.

కనుమనాడు కాకైనా కదలదంటారు. కాకి మాట ఎలా ఉన్నా చాలామందికి కడుపు మాత్రం కదలదు. మరి కదలమంటే ఎలా కదులుతుంది? నాలుగు రోజులుగా లోపలికి వెళ్లిందంతా బియ్యప్పిండి, బెల్లం, నూనె. అరిసెలు, సకినాలు, జంతికలు... పేర్లు వేరు గానీ పీచు విషయంలో అన్నీ అంతంతమాత్రమే. చలికి దాహం వెయ్యదు కాబట్టి నీళ్లు తాగం. దానికి తోడు ప్రయాణం. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి అమలాపురమో పలాసో వెళ్లే ఆడవాళ్లనడగండి, మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు మానేశామని చెబుతారు. దారిలో బాత్‌రూమ్ ఎలా ఉంటుందోనని భయం. ఊరికి చేరాక ఇల్లంతా చుట్టాలు, బాత్‌రూమ్ ఒక్కటే. బయట బావగారు తువ్వాలు భుజానేసుకుని దగ్గుతూ నిలబడితే లోపలున్నవాళ్లకి పనేం జరుగుతుంది? "తర్వాత చూద్దాంలే" అని బయటికొచ్చేస్తారు.

ఆ 'తర్వాత' దగ్గరే చిక్కంతా. పెద్దపేగు పని నీళ్లు పీల్చుకోవడం. మనం ఆపుకున్న కొద్దీ అది పీల్చుతూనే ఉంటుంది, లోపలున్నది గట్టిపడుతూనే ఉంటుంది. గట్టిపడితే నొప్పి, నొప్పి భయంతో మళ్లీ ఆపుకోవడం. స్కూల్లో బాత్‌రూమ్ బాగాలేదని సాయంత్రం దాకా బిగబట్టే పిల్లల్లో ఈ చక్రం ఇంకా తొందరగా బిగుస్తుంది. వాళ్లని కసిరితే మరీ బిగుస్తుంది.

రోజూ పొద్దున్నే అయి తీరాలన్నది మాత్రం ఎవరు పెట్టిన చట్టమో తెలీదు. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలే. వారానికి మూడుసార్లకన్నా తక్కువవడం, ముక్కాల్సి రావడం, అయ్యాక కూడా ఇంకా మిగిలిపోయినట్టుండటం... ఇవి నెలల తరబడి ఉంటే అప్పుడు దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు. ఇంగ్లాండులోని బ్రిస్టల్ వైద్యులు మలాన్ని ఏడు రకాలుగా బొమ్మలు గీసి 1997లో ఒక పట్టిక అచ్చువేశారు. మేకపెంటికల్లా ఉంటే ఒకటో రకం, పూర్తిగా నీళ్లయితే ఏడోది. మూడూ నాలుగూ మంచివి. డాక్టరు దగ్గర సిగ్గుతో మెలికలు తిరిగే బదులు "ఒకటో నంబరండీ" అంటే సరిపోతుంది.

తమాషా ఏమిటంటే, కడుపు బిగించే ఈ నెలే మందు కూడా గంపల్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటుంది. జామకాయలు చూడండి, 100 గ్రాముల్లో 5 గ్రాములకు పైనే పీచు. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 25 నుంచి 30 గ్రాములు. రేగిపళ్లు పిల్లల నెత్తిన పోయగా మిగిలినవి మన నోట్లో వేసుకోవచ్చు. తెలంగాణలో ఉడకేసిన అనపకాయలు, కందికాయలు ముందు పెట్టుకుని కూర్చుంటే గంట ఎలా గడిచిందో తెలీదు. గోదావరి, ఉత్తరాంధ్ర వైపు తేగల కట్టలు. తేగ విరిచి, నార తీసి, నెమ్మదిగా నమలాలి. దాన్ని హడావిడిగా తిన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. చిలగడదుంపలు సరేసరి. ఇన్నుండగా విదేశీ కివీపండు ఎందుకంటారా? అది కూడా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. కొనగలిగితే కొనుక్కోండి, నేను మాత్రం జామకాయ పక్షం.

ఇది చదివి రేపటినుంచే కిలో జామకాయలు లాగించకండి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి, ఆ గ్యాస్‌కి ఇంట్లోవాళ్లు మిమ్మల్ని వరండాలో పడుకోబెడతారు. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్లూ దాంతోపాటే పెంచాలి. పరగడుపున గోరువెచ్చటి నీళ్లు మంచివే గానీ వాటిలో మంత్రమేమీ లేదు. మంత్రం ఏదైనా ఉంటే టిఫిన్ తరవాతి అరగంటలో ఉంది. పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. పిలుపు ఆ వేళకే వస్తుంది. మనమేమో సరిగ్గా అప్పుడే బస్సు కోసం పరిగెత్తుతుంటాం.

ఈ బాధ బయటికి చెప్పుకోవడంలో గాంధీగారు మనకన్నా ధైర్యవంతులు. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు తనను పీడించిన మలబద్ధకం గురించి ఆత్మకథలోనే రాసుకున్నారు. పొద్దుటి ఫలహారం మానేస్తే తలనొప్పి పోయిందట గానీ ఇది పోలేదట. తర్వాత పొట్ట మీద తడిమట్టి పట్టీ వేసుకున్నారు. మట్టిపట్టీకి నేను పూచీ పడను. ఆయన మొహమాటపడకుండా రాసుకోవడం మాత్రం నాకు నచ్చింది.

మొహమాటం వల్లే మనం డాక్టర్‌ని వదిలి పక్కింటివాళ్ల చూర్ణం తెచ్చుకుంటాం. "ఆయుర్వేదమే కదా, ఏం కాదులే" అనుకుంటాం. డబ్బా వెనక చిన్నక్షరాలు చదవండి, చాలావాటిలో సునాముఖి ఉంటుంది. అదే నేలతంగేడు. పేగుని గిచ్చి కదిలించే ఆకు అది. ఎప్పుడైనా ఒకటి రెండు రోజులకి పర్వాలేదు గానీ, అడిగేవాళ్లు లేరని ఏళ్ల తరబడి రాత్రిపూట చెంచాడు వేసుకోవడం సరికాదు. ఆముదమూ అంతే. మా చిన్నప్పుడు ముక్కు మూసి తాగించేవాళ్లు, ఆ రుచి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. విపరీతమైన కడుపునొప్పి తెస్తుంది, గర్భిణులు అసలు ముట్టకూడదు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా లాంటివి కిడ్నీ జబ్బున్నవాళ్లకి ప్రమాదం, ఆ మెగ్నీషియం బయటికి పోలేక రక్తంలో పేరుకుంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చుట్టాలున్నవాళ్లకి ఈ మాట మరీ మరీ చెప్పండి.

ఇసబ్‌గోల్ పొట్టు నయం. గుజరాత్‌లో ఊంఝా మార్కెట్ నుంచి దేశమంతటికీ వచ్చేది అదే. పేగుని గిచ్చదు, నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, అంతే. ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి వెంటనే తాగెయ్యాలి, దానిమీద ఇంకో గ్లాసు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డం పడగలదు. మింగడం కష్టమైన ముసలివాళ్లకి ఇవ్వొద్దు. మిగతా మందులకీ, దీనికీ మధ్య రెండు గంటలైనా తేడా ఉంచండి. అప్పటికీ అవ్వకపోతే డాక్టర్లు లాక్టులోజ్ సిరప్పో, నీళ్లలో కలుపుకునే పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడో రాస్తారు. రెండూ పేగులోకి నీళ్లు తెచ్చే రకం. లాక్టులోజ్ ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది, రాత్రి తాగి తెల్లారి తిట్టకండి.

ఒక్కోసారి దొంగ మన మందుల డబ్బాలోనే ఉంటాడు. రక్తం తక్కువుందని ఇచ్చిన ఐరన్ మాత్రలు, కాల్షియం, కోడీన్ ఉన్న దగ్గుమందు, కొన్ని నొప్పి మాత్రలు, బీపీకి, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు మలబద్ధకం తెస్తాయి. అలాగని సొంతంగా మానెయ్యొద్దు, రాసినవాళ్లకి చెబితే మారుస్తారు. థైరాయిడ్ తక్కువైనా, చాలాకాలంగా షుగరున్నా ఇది రావచ్చు. కొందరికైతే ఎంత పీచు తిన్నా లాభముండదు. బయటికి పోవాల్సిన సమయంలో వదులవ్వాల్సిన కండరం బిగుసుకుంటుంది. ఆ కండరానికి మళ్లీ పాఠం చెప్పే ఫిజియోథెరపీ ఉంది, దానికి చూర్ణాలు పనికిరావు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా అలవాటు మారడం ఉంటే పొట్టు కలుపుకుంటూ ఇంట్లో కూర్చోకండి. మొలలేలే అని సర్దుకోకండి. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కూర్చునే సంగతి. 2015లో వచ్చిన 'పీకూ' చూశారా? అమితాబ్ బచ్చన్ ఢిల్లీ నుంచి కలకత్తాకి కారు మీద కమోడ్ కుర్చీ కట్టుకుని బయల్దేరతాడు, దారి పొడుగునా అదే గొడవ. అందులో ఇర్ఫాన్ ఖాన్ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు, గొంతుక్కూర్చుంటేనే దారి తిన్నగా ఉంటుందని. నిజమే. కమోడ్ మీద మామూలుగా కూర్చున్నప్పుడు ఒక కండరం పేగు చివరిభాగాన్ని వంచి పట్టుకుంటుంది. మోకాళ్లు పైకెత్తితే ఆ వంపు సడలుతుంది. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో కూడా ఇప్పుడు అందరూ కమోడ్లే కట్టించుకున్నారు కాబట్టి, పాదాల కింద చిన్న పీట వేసుకుని కాస్త ముందుకి వంగితే చాలు. ముగ్గుపీట పూజగదిలో ఉండనివ్వండి, దీనికి ప్లాస్టిక్‌ది విడిగా కొనండి. అత్తగార్లతో నాకు తగాదా వద్దు. ఫోను మాత్రం బయటే పెట్టండి. అరగంట రీల్స్ చూస్తూ కూర్చుంటే వచ్చేవి మొలలే.

రథసప్తమి దగ్గరికొచ్చేస్తోంది. పిడకల మీద పరమాన్నం పొంగిస్తారు, చిక్కుడుకాయలతో రథం కడతారు. రథానికి పోగా మిగిలినవి ఈనె తీసి కూర వండుకోండి, పీచుకి పీచు, రుచికి రుచి. ఆ తర్వాత శివరాత్రి. ఉపవాసమంటే మంచినీళ్లు కూడా మానెయ్యాలని పట్టుబట్టే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మీ ఇంట్లో వాళ్లెవరో చూసుకుని, ఉడికించిన చిలగడదుంపల పళ్లెం పక్కన ఒక చెంబుడు నీళ్లు పెట్టండి. షుగరున్నవాళ్లయితే దుంప సగమే.