తీరిక

“తీరిక దొరకడం లేదండీ” అన్న మాటను నా ముప్పదేండ్ల ఉద్యోగజీవితంలో ఎన్నిమార్లు అన్నానో లెక్కకట్టలేను. తెలుగు పండితుణ్ణి కదా, పదవీవిరమణ చేసిన తరువాత ఒకనాడు ఆ మాటనే పట్టుకొని కూర్చున్నాను. తీరు అనే క్రియ నుండి పుట్టినది తీరిక. తీరడమంటే ముగియడం. పని ముగిశాక మిగిలేది తీరిక అన్నమాట. మరి పని ఎప్పుడు ముగుస్తుంది? మనిషితోనే! ఈ లెక్కన బ్రతికి ఉన్నవానికి తీరిక ఎన్నడూ దొరకదు. ఇది వ్యాకరణం చెప్పిన సత్యం. దీనిని నేను గ్రహించేసరికి చాలా ఆలస్యమైంది.

మాది గద్వాల దగ్గర ఒక పల్లె. మా ఇంటివారిది ఎం.బి. చర్చి, అంటే మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం. హీబర్ట్ దొర 1899లో హైదరాబాదుకు వచ్చిన నాటి నుండి ఈ సంఘం పని క్రమంగా నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతాలకు వ్యాపించింది. పాలమూరు, గద్వాల కేంద్రాలు మాత్రం మొదట అమెరికన్ బాప్టిస్టులవి. 1937లో ఈ సంఘం చేతికి వచ్చాయి. విద్వద్గద్వాల అని పేరుపడ్డ సంస్థానంలో పండితులు శాస్త్రచర్చలు చేస్తుంటే, ఊరి చివర మా పెద్దలు పగలంతా కూలిచేసి, చీకటిపడ్డాక దీపం చుట్టూ చేరి పాటలు పాడుకొనేవారట. వారి భక్తికి రాత్రి తప్ప వేళ లేదు.

మా అమ్మకు అక్షరం రాదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మాత్రం ఆమె నోట తప్పు లేకుండా పలికేవి. ఆమె చేసిన కూలితోనే నేను చదువుకొన్నాను, పండిత శిక్షణ పొందాను, జిల్లా పరిషత్తు పాఠశాలలో ఉద్యోగం సంపాదించాను. ఆమె నన్ను కోరినది ఒక్కటే. రాత్రి భోజనాలయ్యాక, “కొడకా, జర ఒక్క అధ్యాయం సదివి ఇనిపియ్యరాదూ” అనేది. “రేపు చదువుతానమ్మా” అనేవాణ్ణి. ఒకనాడు జవాబుపత్రాలు, ఒకనాడు జనాభా లెక్కలు, మరొకనాడు ఎన్నికల శిక్షణ. ఇవన్నీ నిజమైన పనులే. అబద్ధమాడలేదు నేను.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజులలోనే వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ సాహిత్యసభలకు పిలిస్తే బస్సు పట్టుకొని వెళ్ళేవాణ్ణి. జాషువాగారి ‘క్రీస్తు చరిత్ర’ మీద గంటసేపు ఉపన్యసించేవాణ్ణి. దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన సంగతి మొదలుకొని పద్యశిల్పం వరకు ఏదీ విడిచిపెట్టేవాణ్ణి కాదు. చప్పట్లు మ్రోగేవి. ఇంటికి వచ్చేసరికి అమ్మ నిద్రపోయి ఉండేది. క్రీస్తును గురించి ఊరూరా చెప్పడానికి వేళ చిక్కింది గాని, క్రీస్తు కథను ఒక ముసలితల్లికి చదివి వినిపించడానికి చిక్కలేదు.

అమ్మ నన్ను నిష్ఠూరమాడలేదు. పక్కింటి పిల్లను పిలిపించుకొన్నది. ఐదో తరగతి చదివే ఆ పిల్ల ఒత్తులు మింగుతూ, దీర్ఘాలు మరచిపోతూ చదువుతుంటే అమ్మ కండ్లు మూసుకొని వినేది. ఒక రాత్రి పత్రాలు దిద్దుతూ ఆ పిల్ల ఉచ్చారణను గదిలో నుండే సరిదిద్దాను. అంతవరకే గాని లేచి వెళ్ళి ఆ పుస్తకం నా చేతిలోకి తీసుకోలేదు. 1996లో అమ్మ వెళ్ళిపోయింది. ఈనాటికీ నా చెవిలో నిలిచినవి ఆ పిల్ల తప్పులు కావు, నేను సరిదిద్దిన నా కంఠం.

ఉద్యోగం ముగిశాక తీరిక కుప్పలుగా వస్తుందనుకొన్నాను. రాలేదు. పింఛను కాగితాలు, మనుమల బడి, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

మూడేండ్ల క్రితం సెప్టెంబరు నెలలో పల్లెకు పోయి, ఆదివారం ఉదయం గుడికి వెళితే బెంచీలన్నీ బోసిగా ఉన్నాయి. నడిగడ్డ ప్రాంతం సీడు పత్తికి ప్రసిద్ధి అని మీకు తెలిసినదే. ఆ పంటలో క్రాసింగు పని వింతైనది. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుండి సాయంత్రం లోపల ఒలిచి, అందులోని కేసరాలను తీసివేయాలి. తెల్లవారి మగపువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. పొద్దెక్కితే పూట దాటిపోతుంది, ముందురోజు చేసిన శ్రమంతా వృథా. సరిగ్గా ఆరాధన వేళకే చేలలో పుప్పొడి వేళ.

చేలవైపు నడిచాను. ఒకామె సాలులో నుండి తలెత్తి, “ఏం జేద్దుము సారూ, పువ్వుకు ఆదివారం తెలుస్తదా?” అన్నది. అమ్మకు చదివి వినిపించిన పిల్ల ఆమే! ఏడో తరగతితో బడి మాని చేలలోకి వచ్చినదట. “రాత్రి ఎనిమిదికి మా ఇంట్ల ప్రార్థన ఉంటది, రారాదూ” అని పిలిచింది.

వెళ్ళాను. పది పన్నెండుమంది స్త్రీలు, వ్రేళ్ళ కొసలకు పత్తిమొగ్గల మరక. ఆమె పుస్తకం నాకు అందించి, “నాకు దగ్గరి సూపు ఆనుతలేదు. అవ్వకు నేను సదివితిని, నాకు మీరు సదవండి” అన్నది. లూకా సువార్త తీశాను. నా గొంతు రెండుమార్లు ఆగింది.

చదువుతుండగా ఒక వృద్ధురాలు గోడకు ఆనుకొని నిద్రపోయింది. పక్కామె తట్టి లేపబోతే వద్దన్నాను. బైబిలు తెలుగులో ఏడవ దినానికి విశ్రాంతిదినమని పేరు. తీరికకు పని ముగియాలి. విశ్రాంతికి ఆ నియమం లేదు. ఆ మాట లోపల శ్రమ అనే ధాతువే ఉంది, శ్రమ నడుమనే దానిని తీసుకోవాలి. మార్కు సువార్తలోనూ అంతే కదా! పొద్దుగూకిన తరువాత ఊరంతా రోగులను మోసుకొని వాకిట చేరిన రాత్రి గడిచాక, యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్ళాడు. జనం తగ్గాక వెళదామని ఆగలేదు. ఆగి ఉంటే వెళ్ళేవాడే కాడేమో.

అప్పటినుండి క్రాసింగు నెలలలో ఆదివారం రాత్రి పల్లెకు వెళుతున్నాను. గద్వాల నుండి ఆటోలో అరగంట. నిరుడు ఒక సాహిత్యసభ అదే పూటకు వచ్చింది. పిలిచిన మిత్రునికి ఫోనుచేసి, “ఆ వేళకు నాకు పని ఉన్నదండీ” అన్నాను. ఏం పని అని ఆయన అడిగాడు.

“మా అమ్మ చెప్పిన పని” అన్నాను.