కుందూ వెంట

ఓర్వకల్లు వైపు పుట్టిన కుందూ నంద్యాల చేరేసరికి నల్లరేగడిని కోసుకుంటూ లోతుగా పారుతుంది. వానలు ముదిరితే ఊళ్ల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. నంద్యాల మట్టిలో రోమన్ బంగారు నాణేలు కూడా బయటపడ్డాయి. చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్లు ముందు వాటినే తలుచుకుంటారు. నేను మాత్రం ఆ బంగారాన్ని దాటి బూడిద దగ్గర ఆగుతాను.

పడమటి నుంచి కుందూలో కలిసే జుర్రేరు వెంట ఎగువకు వెళ్తే, బనగానపల్లె దాటాక, యాగంటికి దగ్గర్లో జ్వాలాపురం. నాపరాళ్ల గోడలు, చేలు, గట్ల మీద పశువులు. అలికిడి తక్కువ. చేల నడుమ తవ్విన గుంతలోకి దిగితే గోడలో తెల్లటి బూడిద పట్టీ కనిపిస్తుంది. కొన్నిచోట్ల నిలువెత్తుకు మించిన మందం. చిటికెడు తీసి నలిపితే పిండిలా మెత్తగా ఉంటుంది, ఆ వెంటనే సన్నగా గరుకు తగులుతుంది. అది అగ్నిపర్వతపు గాజు. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది.

రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి, బూడిద కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. అంత ఉత్పాతాన్నీ ఇక్కడి మనుషులు తట్టుకున్నారని వాళ్ల వాదన. ఆ మనుషులు మన జాతివాళ్లేనా అన్న చర్చ ఇంకా తెగలేదు.

అలాంటి బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి తరలించారు. కూలికి తవ్వినవాళ్లను నేను తప్పుపట్టను. దాని విలువ వాళ్లకు సకాలంలో చెప్పవలసింది చదువుకున్న మనమే. మిగిలిన పొరనైనా కాపాడుకుని, జిల్లాలోని బడిపిల్లలందరికీ చూపించాలి.

మళ్లీ కుందూ వెంట దిగువకు వెళ్తే ఆళ్లగడ్డ వైపు నుంచి వక్కిలేరు వచ్చి కలుస్తుంది. ఆళ్లగడ్డ శిల్పుల కొట్టాల్లో పొద్దున్నుంచి ఉలి చప్పుడే. సగం తేలిన విగ్రహం ముందు కూర్చున్న శిల్పి ఒక్కో దెబ్బకూ ఆగి, రాతిపొడిని నోటితో ఊది, గీటు సరిచూసుకుంటాడు. జ్వాలాపురంలో పెచ్చులు రాల్చి రాయికి పదును తెచ్చిన చేతులకూ ఇదే ఓపిక ఉండి ఉండాలి.

తర్వాత రాజోలి ఆనకట్ట దగ్గర కొంత నీరు కేసీ కాలువకు మళ్లుతుంది. మిగిలినది కమలాపురం దగ్గర పెన్నలో కలిసి నెల్లూరు మీదుగా సముద్రానికి పోతుంది. 1780లలో ఆ నెల్లూరు దగ్గరే దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే పాత గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు.