జపాను బడిలో నా వంతు

2009వ సంవత్సరము మార్చి నెలాఖరున నేను జపాను దేశము వెళ్ళాను. అప్పటికి నాకు పదహారేళ్ళు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. హాస్టలులో ఉండి చదువుకుంటుండగా విద్యార్థుల మార్పిడి పథకము క్రింద నన్ను ఎంపిక చేశారు. ఒక సంవత్సరము అక్కడి కుటుంబములో బిడ్డగా ఉండి, అక్కడి హైస్కూలులో చదువుకోవాలి. విమానపు టిక్కెట్టుతో సహా ఖర్చంతా వాళ్ళదే. లేకపోతే మా ఇంటి పరిస్థితికి గుంటూరు బస్సు ఎక్కడమే గొప్ప.

నన్ను పంపిన ఊరు నాగానో రాష్ట్రములోని మత్సుమోతో. చుట్టూ మంచుకొండలు, ఊరి మధ్య నల్లని చెక్కల కోట. నన్ను చేర్చుకున్న ఇంట్లో తండ్రి, తల్లి, నాయనమ్మ ఉండేవారు. తల్లిని 'ఓకాసాన్' అని పిలవమన్నారు. అంటే అమ్మ అనే.

మొదటి రాత్రే పెద్ద పొరపాటు చేశాను. స్నానాల గదిలో తొట్టి నిండా వేడినీళ్ళు పెట్టి నన్ను ముందు వెళ్ళమన్నారు. అతిథికి మొదటి వంతు అన్నమాట. నేను సుబ్బరంగా ఆ తొట్టిలోనే సబ్బు రుద్దుకొని, స్నానమయ్యాక బిరడా లాగి నీళ్ళన్నీ వదిలేశాను. అక్కడి పద్ధతి వేరు. తొట్టి బయటే ఒళ్ళు తోముకొని, కడుక్కొని, ఆ తరువాత కాసేపు వేడినీళ్ళలో కూర్చోవాలి. అవే నీళ్ళు ఇంట్లో అందరికీ. ఆ రాత్రి ముగ్గురూ మళ్ళీ నీళ్ళు కాగేదాకా కూర్చున్నారు. ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. మర్నాడు ఓకాసాన్ బొమ్మ గీసి చూపించింది, అంతే.

చెప్పులు గడప దగ్గర విడవడం మనకు తెలిసినదే గదా, అందులో నాకు తిరుగులేదు అనుకున్నాను. కాని వాళ్ళకు పాయిఖానాకు వేరే చెప్పులుంటాయి. వాటితోనే భోజనాల గదిలోకి వచ్చేశాను. నాయనమ్మగారు పళ్ళు బయటపడేలా నవ్వారు. పుల్లలతో తినడం పది రోజుల్లో వచ్చింది. ఆ పుల్లలను అన్నములో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుండి మరొకరి పుల్లలతో తినుబండారం అందుకోకూడదు. రెండూ చావు ఇంటి పనులు. దహనము తరువాత ఎముకలను బంధువులు అలా పుల్లలతోనే అందించుకుంటారట. పచ్చి గుడ్డు కొట్టి అన్నములో కలుపుకోవడం మాత్రం సంవత్సరమంతా నా వల్ల కాలేదు. అమ్మ కట్టి ఇచ్చిన గోంగూర పచ్చడి జూన్ దాకా వచ్చింది, వేలికొసతో తిన్నాను కాబట్టి.

భోజనానికి ముందు వాళ్ళందరూ చేతులు జోడించి 'ఇతదాకిమాస్' అంటారు. పుచ్చుకుంటున్నాను అని దాని భావము. నేను కళ్ళు మూసి ప్రార్థన చేసుకొనేదాన్ని. నా ప్రార్థన కొంచెం పొడుగు. అది అయ్యేవరకు వాళ్ళు పుల్లలు ముట్టకుండా ఆగేవారు. చారు చల్లారిపోతుందని నేనే కురచ చేసుకున్నాను.

భాష మనకు మరీ పరాయిది కాదు. అక్షరాలు భయపెడతాయి, నిజమే. నిత్య వాడుకకని ప్రభుత్వము నిర్ణయించిన చైనా లిపి గుర్తులే అప్పుడు 1,945. 2010లో వాటిని 2,136 చేశారు. కాని మాట వరుస మాత్రం అచ్చం మనదే. 'నేను అన్నం తిన్నాను' అన్న వరుసలోనే వాళ్ళూ అంటారు, క్రియ చివరనే వస్తుంది. మనం 'వచ్చాడా' అని చివర దీర్ఘం తీసినట్లు వాళ్ళు చివర 'కా' చేరిస్తే ప్రశ్న అయిపోతుంది. తెలుగు బిడ్డకు ఇది పెద్ద మేలు.

ఆ మేలు వల్లనే నేను త్వరగా అబద్ధం కూడా ఆడగలిగాను. ఏప్రిల్‌లో బడి మొదలైన రోజు అందరి ముందూ నిలబడి ఎవరి గురించి వారు చెప్పుకోవాలి. మా నాన్న కూలిపని చేస్తాడని చెప్పాను. అమ్మ గురించి 'బడిలో పని చేస్తుంది' అన్నాను. అయితే టీచరుగారా అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. సాయంత్రానికి ఓకాసాన్ ఇరుగుపొరుగుకు 'మా పిల్ల తల్లి ఉపాధ్యాయురాలు' అని చెప్పడం మొదలుపెట్టింది.

మా అమ్మ మా ఊరి బడిలో ఊడ్చే మనిషి. తెల్లవారుజామున వెళ్ళి తొమ్మిది గదులు, వరండా, పాయిఖానాలు శుభ్రం చేసి, గంట కొట్టే వేళకు పక్కకు తప్పుకొనేది.

జపాను బడిలో ఊడ్చే మనిషి లేదు. పాఠాలు అయ్యాక మైకులో పాట వస్తుంది. పిల్లలందరూ లేచి బల్లలు వెనక్కు జరిపి, కొందరు చీపుర్లు, కొందరు తడిగుడ్డలు పట్టుకుంటారు. గుడ్డ నేలకు ఆనించి, వంగి, రెండు చేతులతో నెట్టుకుంటూ వరండా ఈ చివరి నుండి ఆ చివరికి పరుగెత్తుతారు. పావుగంట పని. టీచరుగారు కూడా చొక్కా చేతులు మడుస్తారు. ఎవరు గది, ఎవరు మెట్లు, ఎవరు పాయిఖానా అన్నది గోడ మీద కాగితము అంటించి ఉంటుంది. వారం వారం వంతు మారుతుంది.

ఇదంతా చూసి నేను సంతోషించానని మీరు అనుకోవచ్చు. లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊరి బడిలో అమ్మ రాని రోజున టీచరుగారు 'గది ఊడ్చండి' అంటే లేచేది అందరూ కాదు. మా పేట పిల్లలమే లేవాలి. ఎవరూ పేర్లు పిలిచే పని లేదు, మాకే తెలుసు. ఆ చీపురు తప్పించుకోవడానికే హాస్టలుకు వెళ్ళాను, ఫస్టు మార్కులు తెచ్చుకున్నాను, సముద్రాలు దాటాను. అక్కడా అదే చేతికి ఇస్తారా! పాయిఖానా వంతు వచ్చిన వారమంతా కడుపునొప్పి అని చెప్పి కూర్చున్నాను.

రెండవ సారి వంతు వచ్చినప్పుడు నొప్పి చెప్పడానికి సిగ్గేసింది. నా జతగా పడిన అమ్మాయి డాక్టరుగారి కూతురు. తండ్రికి సొంత ఆసుపత్రి ఉంది. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చొని బ్రష్షుతో రుద్దుతోంది. చేతకాక రుద్దుతోంది, నీళ్ళు ముందు పోసి మురికి అంతటా పూస్తోంది. చూస్తూ ఉండలేక బ్రష్షు తీసుకొని మూల నుండి తలుపు వైపుకు రుద్దుతూ వచ్చాను, నీళ్ళు చివర పోశాను. 'ఎవరు నేర్పారు?' అని అడిగింది. 'అమ్మ' అన్నాను. ఆ పిల్ల గోడ మీద కాగితము కేసి చూసి, మన వంతు ఎప్పుడూ కలిసే పడితే బాగుండును అన్నది. అంతకుమించి ఏమీ అడగలేదు.

జనవరిలో మూడవ టర్ముకు ఇంటి నుండి రెండేసి తుడుపుగుడ్డలు తెమ్మన్నారు. బయట మంచు. కింద వేడి పెట్టి పైన బొంత కప్పిన పొట్టి బల్ల దగ్గర అందరం కాళ్ళు లోపల పెట్టుకొని కూర్చున్నాము. ఓకాసాన్ పాత తువాళ్ళు మడిచి కుడుతూ, మీ అమ్మగారు ఏ పాఠము చెబుతారు అని అడిగింది. తొమ్మిది నెలలు మోసిన మాట ఇక మోయలేక చెప్పేశాను. టీచరు కాదు, ఊడుస్తుంది అన్నాను.

సూది ఆగింది. 'ఎన్ని గదులు?' అన్నది.

'తొమ్మిది.'

'ఎంతమంది చేస్తారు?'

'అమ్మ ఒక్కతే.'

ఓకాసాన్ భర్త వైపు తిరిగి, ఒక్క మనిషి తొమ్మిది గదులు అని చెప్పింది. నా అబద్ధం గురించి మాట్లాడుతుందేమో అని నేను వణుకుతుంటే, ఆమెకు అది పట్టనే లేదు. 'మరి పిల్లలు ఏం చేస్తారు?' అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

వాళ్ళను దేవదూతలుగా చూపించడం నా ఉద్దేశము కాదు. తోలు పని, పశువులను కోసే పని చేసినవారిని ఆ దేశమువారు కూడా తరతరాలు వెలివేసి ఉంచారు. 1871లో ప్రభుత్వము ఆ భేదాన్ని రద్దు చేసింది గాని, పెళ్ళిళ్ళ దగ్గర, ఉద్యోగాల దగ్గర అది పోలేదు. 1922లో వారే క్యోటోలో సుయిహేషా అనే సంఘము పెట్టుకొని పోరాడవలసి వచ్చింది. ఇవి నేను తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు, చెప్పుకొనే సంగతిగా కూడా లేదు.

2010 ఫిబ్రవరిలో ఇంటికి వచ్చాను. వచ్చిన మూడో రోజు చీకటితోనే అమ్మ వెంట బడికి వెళ్ళి, వరండా ఊడవబోయాను. అమ్మకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. 'దించవే ఆ చీపురు! ఇందుకా నిన్ను అంత దూరం పంపింది? జనం చూస్తే ఏమనుకుంటారు?' అన్నది. జపానులో డాక్టరుగారి కూతురు కూడా ఊడుస్తుందమ్మా అన్నాను. 'ఊడవనియ్యి. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనరు' అన్నది. అమ్మ మాటకు కూడా నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నేను టీచరుగా ఉన్నాను. నా తరగతిలో గోడ మీద కాగితము ఉంటుంది. హాజరు పట్టీ వరుసలోనే వంతులు, మొదటి పేరు నాది. మొదటి ఏడు ఒక తండ్రి వచ్చి, మా వాడి చేత ఊడిపిస్తారా అని గొడవ పెట్టుకున్నాడు. కాగితము చూపించాను. చాలాసేపు చదివాడు, వెతికిన పేర్లు వరుసలో అక్కడక్కడా కనబడ్డాయేమో, వెళ్ళిపోయాడు. మా పేట తల్లి ఒకామె కూడా వచ్చింది, అమ్మ అన్న మాటే అన్నది. ఆమెకు నచ్చజెప్పడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

అమ్మ పని మానేసింది, మోకాళ్ళు పోయాయి. ఈ వ్యవహారమంతా ఆమెకు ఇప్పటికీ ఇష్టం లేదు. అయినా జూన్‌లో బడి తెరిచే ముందు పాత తువాళ్ళు ముందేసుకొని, 'ఈ ఏడు ఎంతమంది పిల్లలే?' అని అడుగుతుంది. నాకు ఒకటి కలిపి, ఈ ఏడు నలభై మూడు కుట్టింది.