చావడి – చౌల్ట్రీ

ఒక మాట పుట్టినయిల్లు విడిచి పరభాషకుఁ బోయి, వేషము మార్చుకొని మరల మన గుమ్మమునకు వచ్చుట చిత్రముగదా! ఆంగ్లేయుల వాస్తుపదములలో “చౌల్ట్రీ” యనున దట్టిది.

మైలవరము మీదుగా మామిడితోటలు చూచుచు మేము రెడ్డిగూడెము చేరితిమి. పూర్వము కృష్ణాజిల్లాలోనుండిన యీ యూరు 2022 మొదలు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. దారి యడుగఁగా నొక వృద్ధురాలు “చావడి దాఁటి కుడిచేతివైపునకుఁ బొండమ్మా” యనెను. మాతో వచ్చిన బాలిక “చావడి యనఁగా చౌల్ట్రీయా, పిన్నీ?” యని యడిగెను. ఔననియుఁ జెప్పవచ్చును, కాదనియుఁ జెప్పవచ్చును.

చావడి యనఁగా స్తంభములపై కప్పు నిలిపిన బహిరంగశాల. అచట బాటసారి మూట దించెడివాఁడు. పెద్దలు తగవులు తీర్చెడివారు. తమిళ కన్నడములందును ఈ మాట గలదు. దక్షిణదేశమున దీనిని విన్న తెల్లవారు చౌల్ట్రీ యని పలికిరి. 17వ శతాబ్దమునఁ జెన్నపట్టణములోఁ గుంఫిణీవారి యధికారులు చావడిలోఁ గూర్చుండి చిన్న వ్యాజ్యములు విచారించిరి. అది చౌల్ట్రీ కోర్టు. మధురలోఁ దిరుమలనాయకుఁడు కట్టించిన పుదుమండపమును సైతము వారు చౌల్ట్రీ యనియే వ్రాసిరి. 1886లో యూల్, బర్నెల్ దొరలు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ పదమునకుఁ దెలుఁగు చావడిని జూపినది.

సత్రము వేఱు. సత్త్రమనునది మొదట దీర్ఘయాగమునకుఁ బేరు. పిమ్మట నన్నదానశాలకుఁ జెల్లినది. చావడి నీడ నిచ్చును, సత్రము కూడు పెట్టును. ఆంగ్లమున నీ భేదము నిలువలేదు. రెంటికిని చౌల్ట్రీయే పేరయ్యెను. నేఁడు బెంగుళూరులో పెండ్లిమండపమును సైతము చౌల్ట్రీ యందురు. బస యను నర్థము మిగిలినది. న్యాయస్థానమను నర్థము జాఱిపోయినది.

సోదరీమణులారా, మనకుఁ గావలసిన దా జాఱిన యర్థమే. బాటసారియైన స్త్రీకిఁ జావడి నీడ దొరకెనేమోగాని, పెద్దలు కూర్చున్న వేళ నామెకు పీట లేదు. తన తగవే యైనను దూరమున నిలిచి, మగవారి నోట వినిపించుకొనవలసి వచ్చెడిది. 1993 ఏప్రిల్ 24న నమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగసవరణ పంచాయతీలలో మూఁడవవంతుకుఁ దక్కువగాకుండ స్థానములు స్త్రీల కిచ్చినది. చావడి చేసిన పనిలోఁ గొంత నేఁడు పంచాయతీ కార్యాలయము చేయుచున్నది. అయినను కుర్చీ భార్యదియు, మాట భర్తదియునైన యూళ్లు లేకపోలేదు.

కావున మన బాలికలకుఁ జావడి యనఁగాఁ దలదాఁచుకొను చోటని మాత్రమేగాక, నలుగురిలోఁ గూర్చుండి తీర్పు చెప్పు చోటనియు నేర్పుదము. ఆ యర్థము తెలిసిన పిల్ల రేపు తన కుర్చీని మఱియొకరికి విడువకుండునని మా నమ్మకము.